కనబడని ఎరుపు

పటిక నీళ్ళకు రంగు లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో ఎర్రగా రావలసిన చోటల్లా, అంటే అమ్మవారి చీర, రాక్షసుల ఒళ్ళు, రథం మీది జెండా, బొమ్మల వెనకాల పరుచుకున్న ఖాళీ, అన్నిచోట్లా ముందుగా పూసేది ఆ నీళ్ళే. పూస్తున్నంతసేపూ గుడ్డ తడిగా మెరుస్తుంది. ఆరిందంటే పూసిన చోటుకూ పూయని చోటుకూ తేడా పట్టడం కష్టం. ఆ గుడ్డను ఒక రోజు అలాగే ఉంచి, పారే నీళ్ళలో జాడించి, చిరివేరో మంజిష్ఠో సురుడు చెక్కో వేసి కాచిన నీళ్ళలో ముంచి, కట్టెతో తిప్పుతూ ఉంటే అప్పుడు ఎరుపు పైకి వస్తుంది. పటిక తాకిన చోటే నిలబడుతుంది. తాకని చోట అంటిన రంగు తర్వాతి ఉతుకుల్లో, ఎండలో పోతుంది.

భక్తి గురించి నాకు తెలిసిన కాస్తా ఈ పని దగ్గర తెలిసిందే. బొమ్మలో దేవుడున్నాడు కాబట్టి ఆ బొమ్మ వేయడం భక్తి అవుతుందని చాలామంది అనుకుంటారు. నాకు అలా అనిపించదు. దేవుడి బొమ్మను ఏ నమ్మకమూ లేకుండా వేయవచ్చు, అచ్చుయంత్రం రోజుకు వేలు వేస్తుంది. నమ్మకం ఉండేది చెయ్యి తన పని ముగించి వెనక్కి తగ్గాక, రంగు ఇంకా రాకముందు, ఆ మధ్య కాలంలో. అక్కడ చిత్రకారుడి దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు. తాను పూశానన్నది ఒక్కటే ఉంటుంది.

మాది కడప జిల్లాలో, జమ్మలమడుగు వైపు, పెన్న ఒడ్డు. కర్నూలుకూ కడపకూ ఏడాదికి సగటున పడే వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ చెప్పిన నెలలో పడదు. వాన వచ్చి పదును దొరికితే గొర్రు కట్టి విత్తనం వేస్తారు. ఆ సాయంత్రం గట్టు మీద నిలబడి చూస్తే దున్నిన చేను తప్ప ఏమీ కనబడదు. ఇంట్లో ఉన్న విత్తనం మట్టిలోకి పోయింది, మళ్ళీ చినుకు ఎప్పుడో తెలియదు. అయినా మా నాయన ఆ రాత్రి అన్నం తిని నిద్రపోయేవాడు. పటిక పూసిన గుడ్డను దండెం మీద ఆరేసి ఇంటికి వచ్చే చిత్రకారుడి స్థితి నాకు ఆ రాత్రి లాగానే తోస్తుంది. అందుకే కాబోలు కాళహస్తిలో ఈ పని మొదటిసారి చూసినప్పుడు పరాయిదనిపించలేదు.

అయితే ఈ నేల మీద దేవుడి బొమ్మ గురించి మాట్లాడేవాడు ఒక ప్రశ్నను తప్పించుకోలేడు. వేమన తిరిగిన నేల ఇది. ఆయన సమాధి ఉందని చెప్పే కటారుపల్లి మాకు దక్షిణాన, కదిరి దగ్గర. రాతికి మొక్కేవాళ్ళను ఆయన నిలదీసిన మాటలు మా ఇళ్ళలో చదువు రానివాళ్ళకు కూడా వచ్చు. గుడ్డ మీద గీసిన దేవుణ్ణి చూస్తే ఆయన ఏమనేవాడు? మా తూర్పున కందిమల్లాయపల్లె మఠంలో వీరబ్రహ్మంగారు ఉన్నారు. ఆయన పుట్టింది విశ్వబ్రాహ్మణుల ఇంట, చేతిపని చేసే కులంలో. ఈ ఇద్దరినీ మనసులో పెట్టుకుని పటం ముందు కూర్చుంటే పటాన్ని పూజించమని ఎవరికీ చెప్పబుద్ధి కాదు. ముగిసిన బొమ్మ గురించి వేమన అడిగేది న్యాయమైన ప్రశ్నే. కానీ గుడ్డ ఇంకా పాలల్లో నానుతున్నప్పుడు, బొమ్మ ఇంకా లేనప్పుడు, చేసేవాడిలో జరుగుతున్నది ఆ ప్రశ్నకు అందదని నా నమ్మకం. అక్కడ మొక్కడానికి ఏ రూపమూ తయారుకాలేదు. ఉన్నది పని మాత్రమే.

ఆ పని చాలా పెద్దది. ముతక నూలుగుడ్డను ఉతికి గంజి వదిలిస్తారు. కరక్కాయ పొడిని గేదెపాలలో కలిపి అందులో నానబెట్టి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది, పాలలోని జిడ్డు గీత చెదరకుండా కాస్తుంది. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ కడతారు. తర్వాత కలం. వెదురుపుల్ల మొన చెక్కి, పైన ఉన్నో బట్టో చుట్టి, దారంతో బిగించిన కలం అది. కసిమిలో ముంచి, చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కుతూ గీస్తే సిరా మొనకు దిగుతుంది. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెట్టిన ద్రవం. కుండలో చూస్తే అది నలుపు కాదు, చిక్కని కషాయం రంగు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకినప్పుడే నల్లబడుతుంది. ఆ తర్వాత పటిక, ఎరుపు, ఆవుపేడ లేదా గొర్రెపెంట నీళ్ళలో రాత్రంతా నానబెట్టడం, ఇసుక మీద పరిచి నీళ్ళు చిలకరిస్తూ ఎండబెట్టడం, మళ్ళీ పాలు, కరక్కాయ పువ్వుతో పసుపు, నీలి, పసుపు మీద నీలి పడితే పచ్చ, మళ్ళీ ఉతుకు. చెప్పే మనిషిని బట్టి లెక్క మారుతుంది కానీ ఇరవై దాకా దశలు. ఏ దశలోనూ మొత్తం బొమ్మ ఒక్కసారిగా కళ్ళబడదు.

నలుపు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంటి సంగతి. కసిమిలో ఉన్నది ఇనుము. మా ముద్దనూరు దగ్గర చింతకుంట గుట్టల్లో పాత రాతియుగం తర్వాతి మనుషులు గీసిన బొమ్మలున్నాయి. ఆస్ట్రియా పరిశోధకుడు ఎర్విన్ న్యూమేయర్ 1981లో వాటిని బయటి లోకానికి చూపించాడు. మూపురం ఉన్న ఎద్దులు, జింకలు, మనుషులు, కొన్ని ఎరుపులో, కొన్ని తెలుపులో. అందులో ఒక పెద్ద బండను ఊరివాళ్ళు ఎద్దుల ఆవుల గుండు అని పిలుస్తారు. ఆ ఎరుపు కావిరాయి, అదీ ఇనుమే. కర్నూలు వైపు బేతంచెర్ల గనుల్లో తవ్వే పేవుడి పసుపుతనం కూడా ఇనుముదే. పండగకు మా అమ్మ గోడ అడుగున పూసిన ఎర్రమన్ను పట్టీ, లేపాక్షి పైకప్పు మీది ఎరుపు, కాళహస్తి గుడ్డ మీది నల్లగీత, అన్నీ మా నేలలో దొరికే ఆ ఒక్క పదార్థం తీసుకున్న రూపాలు. దేవుడు అంతటా ఉన్నాడని పెద్దలు చెప్పిన మాటను నేను పుస్తకంలో చదివినప్పుడు తలూపాను. ఈ ఇనుమును ఇన్ని చోట్ల చూశాక ఆ మాట నాకు నిజంగా తగిలింది.

నీలం కూడా మాదే. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నీలిమందు బాగా పండిన జిల్లాల్లో కడప, కర్నూలు ముందుండేవి. కోసిన మొక్కను తొట్టిలో నానబెడితే నీళ్ళు పసుపుపచ్చగా అవుతాయి. ఆ నీళ్ళను పక్క తొట్టిలోకి వదిలి గంటల తరబడి చిలికితే గాలి కలిసి నీలం పుడుతుంది, అడుగుకు దిగుతుంది. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చింది. కొన్నేళ్ళలోనే మా తొట్లు ఎండిపోయాయి. ఆ పంట వెనక ఉన్న తెల్లదొరల వ్యాపారం, రైతుల మీద దాని బరువు వేరే కథ, దాన్ని నేను అందంగా చెప్పదలచుకోలేదు. నేను పట్టుకున్నది ఒకటే. రాముడి ఒంటికీ కృష్ణుడి ఒంటికీ పూసే ఆ రంగు మా మెట్ట చేలల్లో ఆకుగా ఉన్నప్పుడు నీలంగా లేదు. నీళ్ళలో నానినప్పుడూ లేదు. గాలి తగిలాక వచ్చింది. నలుపు కరక్కాయను కలిశాక, ఎరుపు నీళ్ళలో మరిగాక, నీలం గాలి సోకాక. మూడు రంగుల్లో ఏదీ చిత్రకారుడి చేతిలో లేదు. అతడు వాటికి దారి తీసి పెడతాడు, అంతే. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

నాకు పని నేర్పింది కాళహస్తిలో ఒక పెద్దమ్మ. పేరు రాయడం ఆమెకు ఇష్టం ఉండదు. 1957లో అఖిల భారత హస్తకళల బోర్డు, కమలాదేవి ఛట్టోపాధ్యాయ చొరవతో, ఆ ఊళ్ళో శిక్షణ కేంద్రం పెట్టింది. దాదాపు చేజారిపోయిన ఈ విద్యను అక్కడ జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ కేంద్రంలో నేర్చిన చేతుల నుంచి నేర్చిన చేతులు ఇవాళ ఆ ఊరంతా ఉన్నాయి, అందులో ఆడవాళ్ళే ఎక్కువ. పెద్దమ్మ అలా నేర్చుకున్న మనిషి. బొగ్గుపుల్ల పట్టే ముందు గుడ్డ అంచుకు రెండు చేతులూ ఆనించి కళ్ళకద్దుకునేది. ఇంకే తంతూ లేదు. పటిక పూసేటప్పుడు మాత్రం మాట్లాడనిచ్చేది కాదు.

“ఏడ పూసినావో నీకు గుర్తుండాల నాయనా. గుడ్డ చెప్పదు,” అనేది.

కొందరు పటికలో ఉతికితే పోయే రంగు కాస్త కలుపుకుంటారు, పూసిన చోటు తెలియడానికి. ఆమె కలపనిచ్చేది కాదు. ఒక మూల మొదలుపెట్టి ఒకే వరసలో రావాలి, ఆకు తర్వాత ఆకు, మడత తర్వాత మడత, చూపు తప్పకుండా. మా ఊరి గుడిలో అర్చన చూశాను, కర్నూలు మసీదుల ముందు నమాజుకు వరసలు కట్టిన జనాన్ని చూశాను, ప్రొద్దుటూరు చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళను చూశాను. ఆ చూపు నిలకడ ఏదో ఆ పెద్దమ్మ వంగిన భుజాల్లోనూ చూశాను.

కాళహస్తి అంటే శివభక్తుడు తిన్నడి ఊరు. అతడు పుట్టింది రాజంపేట దగ్గరి ఊటుకూరు అని కడప వైపు వాళ్ళం చెప్పుకుంటాం, కాబట్టి తిన్నడు మావాడు కూడా. లింగం కంటి నుంచి నెత్తురు కారుతుంటే తన కన్ను బాణంతో పెకలించి పెట్టాడు. లింగం రెండో కన్ను కూడా కారింది. ఇప్పుడు తన రెండో కన్ను తీస్తే చోటు కనబడదు కదా. అందుకని ముందే చెప్పుకాలు ఎత్తి లింగం కంటి దగ్గర ఆనించి గుర్తు పెట్టుకున్నాడు. ఈ కథ చెప్పేవాళ్ళందరూ కన్ను ఇవ్వడం దగ్గర ఆగిపోతారు, పూనకంగా చెబుతారు. నాకు మాత్రం ఆ కాలు దగ్గరే మనసు నిలుస్తుంది. అది పూనకంలో చేసే పని కాదు. చీకటి రాబోతోందని తెలిసి, చీకట్లో కూడా తన పని తప్పకూడదని జాగ్రత్తపడ్డ మనిషి చేసిన పని. అంత ప్రేమలోనూ కొలత తప్పలేదు. శాస్త్రం దృష్టిలో అపచారమైన ఆ పాదాన్ని శివుడు ఎందుకు మెచ్చాడో పటిక పూయడం నేర్చాక నాకు అర్థమైంది. ఏడ పూసినావో నీకు గుర్తుండాల.

మా సీమలో కళ్ళ కథ ఇంకొకటి ఉంది, అదీ బొమ్మల గుడిలోనే. లేపాక్షి వీరభద్రాలయాన్ని 1530ల నాటికి, అచ్యుతదేవరాయల కాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. రాజు సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడన్న నింద పడితే విరుపణ్ణ తన కళ్ళు తానే పెకలించి గోడకు కొట్టాడని చెప్పి, అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం దగ్గర రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. యాత్రికులు అక్కడ గుమికూడతారు. నేను లోపల మండపంలో తల పైకెత్తి నిలబడతాను. కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం, ఎటు తిరిగినా నిన్నే చూస్తున్నట్టుండే వటపత్రశాయి. సున్నపు పూత మీద కావి, పేవుడి, మసి, సున్నం, కొంచెం ఆకుపచ్చ. నీలం దాదాపు లేదు. వీరభద్రుడి భారీ బొమ్మ కింద విరుపణ్ణ, వీరణ్ణ చేతులు జోడించి నిలబడి ఉన్నారు. కట్టించినవాళ్ళ ముఖాలు మనకు తెలుసు. గీసినవాళ్ళ పేర్లు మనదాకా రాలేదు.

అయిదు నిమిషాలు పైకి చూస్తే నా మెడ పట్టేస్తుంది. వాళ్ళు సారవ మీద, చేతులు తలకంటే ఎత్తున పెట్టి, మీద పడే సున్నపు చుక్కల మధ్య నెలల తరబడి పని చేసి ఉంటారు. ముక్కు ఆనేంత దగ్గరగా ఉన్న గీత ఒక్కటే వాళ్ళకు కనబడి ఉంటుంది. నిలువెత్తు వీరభద్రుడు కింద నిలబడ్డ మాకు కనబడతాడు, వాళ్ళకు కాదు. సారవ విప్పాకనే వాళ్ళూ చూసి ఉంటారు. పాండిత్యం ఉన్నవాళ్ళు ఈ చిత్రాల్లో చీరల అంచులు, తలపాగాలు, విజయనగరం నాటి వేషభాషలు చదువుతారు, అది అవసరమే. నాకు ఆ మెడ నొప్పి అంతకంటే ముఖ్యం. ఎవరూ అడగని, ఎక్కడా రాయని ఆ నొప్పి వాళ్ళు చేసిన ప్రార్థన అని నేను నిస్సంకోచంగా అంటాను.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. కూలి కోసం చేసిన పని ప్రార్థన ఎలా అవుతుంది? కాళహస్తి కలం రామాయణాన్నే కాదు, క్రీస్తు జీవితాన్నీ గీసింది. తూర్పు తీరాన మచిలీపట్నంలో ఇదే పటికతో, ఇదే చిరివేరుతో పర్షియా బజారు కోసం నమాజు గూడు ఆకారం ఉన్న గుడ్డలు తయారయ్యాయి. రామభక్తుడు సిలువ గీస్తే అది వట్టి బేరమా? నేను అలా అనలేను. కొన్నవాడి దేవుడు వేరు కావచ్చు, గుడ్డను పారే నీళ్ళలో జాడించిన ఓపిక ఒకటే. సిలువ చుట్టూ పూసిన పటిక కూడా కనబడదు, దాన్నీ గుర్తుపెట్టుకునే పూయాలి. కూలి తీసుకున్నంత మాత్రాన ఆ గుర్తు పోదు. విత్తనం వేసే రైతు కూడా పంట అమ్ముకోవడానికే వేస్తాడు. తన దేవుడు కాని దేవుడి కోసం అంత శ్రద్ధ పెట్టగలిగిన చెయ్యి, దేవుడు ఎవరి సొత్తూ కాదని నోటితో చెప్పకుండానే చెబుతుంది. ఉగాదినాడు దేవునికడప వెంకన్న గుడికి ముస్లింలు వచ్చి బెల్లం, చింతపండు సమర్పించి వెళ్ళే జిల్లాలో పుట్టినవాణ్ణి నేను. ఈ మాట నాకు వాదనగా కాక ఇంటి వాసనగా తెలుసు.

నాకు బాధ కలిగించేది వేరే. కడప వైవీ స్ట్రీటులోనూ కర్నూలు దుకాణాల్లోనూ కలంకారీ చీరలు కుప్పలుగా ఉన్నాయి, చాలావరకు పాలిస్టరు మీద అచ్చు కొట్టినవి. చవకగా బట్ట దొరకడం మంచిదే, కట్టుకునేవాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆ అచ్చులో రంగు పడిన క్షణమే కనబడుతుంది. ఎదురుచూడవలసింది ఏమీ లేదు. ఇంకోవైపు కాళహస్తి నది స్వర్ణముఖిలో చాలా నెలలు ఇసుకే. పారే నీళ్ళు కావలసిన విద్యకు నది లేకపోతే మోటారు నీళ్ళు తొట్టిలో పట్టి ఉతుకుతున్నారు. నిలవ నీళ్ళలో వదలిన పటిక మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది, అందుకని నీళ్ళు మార్చి మార్చి పోయాలి. కరువు సీమలో నీళ్ళు అలా పారబోయడానికి పెద్దమ్మ చెయ్యి వణికేది. ఆ నీళ్ళను కాలువ తీసి కొబ్బరిచెట్టు వైపు మళ్ళించింది.

మా ఊరి శివాలయానికి తిన్నడి కథ గుడ్డ వేసి ఇవ్వాలన్న కోరిక నాకు చాలాకాలం నుంచి ఉండేది, నిరుడు తీరింది. మధ్యలో లింగం, చుట్టూ వరసలుగా చిన్న గళ్ళు: వేట, నోటితో నీళ్ళు తేవడం, మాంసం నైవేద్యం, పూజారి కోపం, ఒక కన్ను, ఆ పాదం. పాదం ఉన్న గడిని మిగతావాటికి రెండింతలు చేశాను. కొలతల లెక్క ప్రకారం అది సరికాదని పెద్దమ్మ అంది, చెరిపించలేదు. గుడ్డ వేలాడదీసే రోజు ఊరి పెద్దలు అడుగు అంచున నా పేరూ మా నాయన పేరూ రాయమన్నారు. నేను ఒప్పుకోలేదు, వాళ్ళు నొచ్చుకున్నారు, మా చిన్నాయన అయితే రెండు రోజులు మాట్లాడలేదు. పేర్లకు బదులు పాత కాళహస్తి గుడ్డల్లో ఉన్నట్టు ప్రతి గడి మీదా ఆ ఘట్టం ఏమిటో తెలుగులో ఒక్కో ముక్క రాశాను, కసిమితో, లావుపాటి అక్షరాలతో. ఇప్పుడు బడి వదిలాక మూడో తరగతి పిల్లలు గుళ్ళోకి వచ్చి వాటిని కూడబలుక్కుని చదువుతున్నారు. పాదం గడి దగ్గర ఒక పాప పూజారిని అడిగిందట, దేవుడి మీద కాలు పెడితే తప్పు కదా తాతా అని. ఆయన వెంటనే జవాబు చెప్పలేక, సాయంత్రం మా ఇంటికి వచ్చి నన్ను అడిగాడు.